పేదవాని కడవ : మంచినీటి చరిత్రలో కొన్ని ఘట్టములు

కడపసీమలోని పోరుమామిళ్ల చెరువువద్ద క్రీ.శ. 1369 నాటి శిలాశాసన మొకటి కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెనని అందు వ్రాయబడినది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పుచున్నది. వేయిమంది కూలివారును, నూరు బండ్లును రెండేండ్లు శ్రమింపగా కట్ట పూర్తియయ్యెనట. నీటిపనిని శాస్త్రముగా నెరిగిన పూర్వులు మనకు కలరనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇట్టి శాసనములు మన సీమలో పెక్కు కలవు. త్రవ్వించిన ప్రభువు పేరును, మాన్యమిచ్చిన దాత పేరును రాయి నేటికిని మోయుచున్నది. కాని ఆ నీటిలో కడవ ముంచుటకు ఎవరికి హక్కుండెనో, గట్టున నిలిచి ఎవరైన పోయుదురా యని ఎదురుచూచినవా రెవరో శాసనములు చెప్పవు. ఈ వ్యాసమున చెప్పబూనినది ఆ వ్రాయబడని చరిత్ర. పేదకుటుంబమునకు మంచినీరు అందవలెనన్నచో నాలుగు ప్రశ్నలకు సమాధానము కావలెను. నీరు ఎవరిది? నీటిలో ఏమున్నది? నీరు తోడు సాధనము చెడినచో బాగుచేయువా రెవరు? మనిషి విడిచిన మాలిన్య మెక్కడికి పోవును? ఈ నాలుగింటికిని మన దేశము ఎట్లు సమాధానము వెదకెనో క్రమముగా చూతము.

నీరు ఎవరిది?

మొదటి ప్రశ్నకు నీటిశాస్త్రముతో పనిలేదు. అంటరానివారని ఎంచబడినవారు ఊరిబావిలో చేద వేయరాదను కట్టుబాటు దేశమంతట నుండెను. వారి బిందె నిండుట పైకులములవారి దయమీదను, తీరికమీదను ఆధారపడి యుండెను. అది దొరకనినాడు వాగులో చెలమ త్రవ్వుకొనుటయో, పశువులు దిగిన కుంటలో నీరు ముంచుకొనుటయో తప్ప గతి లేదు.

ఈ కట్టుబాటును బహిరంగముగా ధిక్కరించిన గొప్ప ఘట్టము మహారాష్ట్రమున కొలాబా జిల్లాలోని మహాడ్ పట్టణమున జరిగెను. ప్రభుత్వ ధనముతో నడచు చెరువులు, బావులు అందరికిని తెరువవలెనని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించెను. ఆ తీర్మానము ననుసరించి మహాడ్ పురపాలక సంఘము తన చౌదార్ చెరువును అందరికిని తెరచినట్లు ప్రకటించెను. ప్రకటన కాగితముమీదనే నిలిచిపోయెను. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కరుగారు వేలకొలది అనుచరులతో ఊరేగింపుగా వెళ్లి, చెరువులోనికి దిగి, దోసిట నీరు పట్టి త్రాగిరి. వెంట వచ్చినవారును త్రాగిరి. తరువాత వారిపై దౌర్జన్యము జరిగెను. చెరువు మైలపడినదని 108 కడవలతో శుద్ధిసంస్కారము గావింపబడెను. వ్యాజ్యము న్యాయస్థానముల మెట్లెక్కెను. 1937 మార్చి 17వ తేదీన బొంబాయి హైకోర్టు అంబేద్కరుగారి పక్షమున తీర్పు చెప్పెను. ఒక్క దోసెడు నీటిపై హక్కు నిర్ధారణమగుటకు సరిగా పదియేండ్లు పట్టెనన్నమాట.

స్వతంత్రభారత రాజ్యాంగము 15వ అధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు ఎవరికిని నిషేధింపరాదని వ్రాసెను. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. చట్టము వ్రాయబడినంతమాత్రమున భయము తొలగదనుటకు మన తెలుగునేలయే సాక్షి. 1985 జూలై మాసమున ప్రకాశము జిల్లా కారంచేడులో, దళితులు త్రాగునీరు తెచ్చుకొను చెరువు నీటిని మురికిచేయుటను గూర్చి తగవు మొదలయ్యెను. జూలై 17న వారి వాడపై దాడి జరిగి ఆరుగురు దళితులు చంపబడిరి. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన ముప్పదియైదేండ్లకు, త్రాగునీరు శుభ్రముగా నుండవలెనని కోరిన మాటకు చెల్లింపబడిన మూల్యమిది. మంచినీటి చరిత్ర వ్రాయు నెవరును ఈ పుటను దాటవేయరాదు.

నీటిలో ఏమున్నది?

తేటగా నున్న నీరెల్ల మంచినీరని మన పెద్దలు తలంచిరి. లోకమంతయు అట్లే తలంచెను. కలరా చెడుగాలివలన వచ్చునని పండితులే నమ్మియున్న కాలమున, 1854లో లండను నగరమందు జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధిపంపు నీటిని అనుమానించెను. చనిపోయినవారి ఇండ్లను లెక్కించి చూపగా అధికారులు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. నీటిలోని క్రిమియే కలరాకు మూలమనుటకు గట్టి నిదర్శనము మన దేశమున దొరకెను. జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోహ్ 1884లో కలకత్తాయందు పరిశోధించుచు, జనులు త్రాగుటకును, స్నానమునకును, బట్టలుతుకుటకును వాడుకొను చెరువులోనే ఆ క్రిమిని కనుగొనెను. ఒకే నీటితో అన్ని పనులు జరుపుకొనవలసిన పేదలు ముందుగా ఎందుకు చనిపోవుదురో ఆనాటికి అర్థమయ్యెను.

కలరాకంటె నిదానముగా పేదవానిని పీడించిన మరియొక రోగము నారికురుపు. ముదుసలి పాఠకులలో కొందరైనను దీనిని చూచియుందురు. నీటిలో కంటికి ఆననంతటి చిన్న ప్రాణి యొకటి నివసించును. నారిపురుగు పిల్లలు ఆ ప్రాణి కడుపులో చేరును. అట్టి నీటిని త్రాగినవాని దేహమున పురుగు సుమారొక యేడు పెరిగి, రెండుమూడడుగుల దారమువలె సాగి, తుదకు కాలిమీద పొక్కుగా బయటపడును. మంట భరింపలేక రోగి కాలిని నీటిలో పెట్టును. ఆ క్షణమున పురుగు వేలకొలది పిల్లలను నీటిలో విడుచును. దిగుడుబావి మెట్లు దిగి మోకాలిలోతు నీటిలో నిలిచి బిందె ముంచుకొను పద్ధతి ఈ రోగమునకు రాజమార్గమయ్యెను. పురుగును చిన్న పుల్లకు చుట్టి దినమునకు కొంచెముగా లాగవలెను. తెగినచో కాలు చీముపట్టును. రోగి వారములకొలది మంచము దిగలేడు. నాటుకోతల దినములలో కూలివాని కాలు పడిపోయినచో ఆ ఇంట పొయ్యి వెలుగదు.

ఈ రోగమునకు టీకా లేదు, చంపు మందు లేదు. అయినను మన దేశమునుండి అది తుడిచిపెట్టుకొని పోయెను. 1983–84లో జాతీయ నిర్మూలన కార్యక్రమ మారంభమయ్యెను. 1984లో ఆంధ్రప్రదేశముతో సహా ఏడు రాష్ట్రములలో సుమారు 40 వేలమంది రోగులు కనుగొనబడిరి. కార్యకర్తలు ఇంటింటికి తిరిగి రోగులను వెదకిరి. నీటిని మడచిన గుడ్డతో వడగట్టి త్రాగుట నేర్పిరి. దిగుడుబావులకు మెట్లు మూసి చేదబావులుగా మార్చిరి, బోరింగులు వేయించిరి, చిన్నప్రాణిని చంపు మందును బావులలో కలిపిరి. 1996 జూలైలో రాజస్థానమున చివరి రోగి కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము నారికురుపునుండి విముక్తమైనదని ధ్రువపరచెను. ఒక గుడ్డపేలికయు, నాలుగు మాటల విజ్ఞానమును, ఒడ్డున నిలిచి తోడుకొను బావియు కలిసి వేలయేండ్ల వ్యాధిని జయించెను. పేదలకొరకు జరిగిన ప్రజాసేవలో ఇంతటి సంపూర్ణ విజయములు అరుదు.

బోరింగు వచ్చిన విధము

1966–67 నాటి ఘోరమైన కరవులో బీహారు మున్నగు రాష్ట్రములలో బావులెండిపోయెను. అప్పుడు ఐక్యరాజ్య సమితి బాలల నిధి, అనగా యూనిసెఫ్, గట్టిరాతిని తొలుచు యంత్రములను మన దేశమునకు తెప్పించెను. రాతిపొరలక్రింద నీరు తగిలెను. తొలిచిన రంధ్రముపై పోత ఇనుముతో చేసిన చేతిపంపును బిగించిరి. ఆ పంపులు పాశ్చాత్యదేశములలో ఒక్కొక్క కుటుంబము దినమునకు కొన్ని మారులు వాడుకొనుటకై ఏర్పడినవి. మన పల్లెలో తెల్లవారకమునుపే మొదలై ప్రొద్దుపోవువరకు వందలమంది స్త్రీలు, పిల్లలు కొట్టవలసిన పంపు అది. కొలది మాసములకే విరిగెను. 1970ల నడిమికాలమునకు దేశములో వేసిన పంపులలో పెక్కు మూలబడియుండెను. జనులు మరల పాత కుంటలకే పోయిరి.

ఈ చిక్కును గమనించినవారు పనిముట్లతో మెలగు సామాన్యులు. మహారాష్ట్రమున జాల్నా, షోలాపూరులలోని పనివారు ఉక్కుతో గట్టి పంపులను తయారుచేసిరి. పిడికి గొలుసును, బేరింగులను అమర్చిరి. ఆ అనుభవమును ఆధారముగా గొని యూనిసెఫ్, భారతప్రభుత్వము, మద్రాసులోని ఇంజనీర్లు కలిసి ‘ఇండియా మార్క్ టూ’ అను పంపును రూపొందించిరి. 1970ల తుదిభాగమున దాని తయారీ పెద్దయెత్తున సాగెను. పంపు కాళ్లను సిమెంటు గట్టులో బిగించుటచే పైనుండి మురికి బోరులోనికి దిగదు. మన ఊళ్లలో బోరింగని పిలువబడు పంపు చాలవరకు ఇదియే. ఆఫ్రికా ఖండమున పెక్కుదేశముల పేదలు సయితము దీనితోనే నీరు తోడుకొనిరి. విదేశమునుండి తెచ్చుకొన్న సాధనము మనకు పనికిరానప్పుడు, మన అవసరమునకు తగినట్లు మనవారు దిద్దిన సాధనము లోకమునకే పనికివచ్చెను.

అయితే పంపెంత గట్టిదైనను ఎన్నడో ఒకనాడు చెడును. తమిళనాడులో గ్రామమున కొక సంరక్షకుడు, బ్లాకున కొక మెకానికు, జిల్లాకొక సంచార బృందము అను మూడంచెల ఏర్పాటు చేసిరి. మార్క్ టూ పంపులో అడుగుభాగము చెడినచో గొట్టములన్నియు పైకి లాగవలెను. అందుకు పనివారు, లారీ కావలెను; అవి వచ్చువరకు వాడలో నీరు లేదు. ఆ ఇబ్బందిని తీర్చుటకే 1980లలో మార్క్ త్రీ పంపు వచ్చెను. అందులో గొట్టములను కదపకుండ లోపలి పిస్టనును మాత్రము పైకి తీసి ఊరివారే బాగుచేసికొనవచ్చును. ఊరివారి చేతికి అందని సాధనము పేదలకు సగము సాధనమేయని ఈ పంపుల కథ బోధించుచున్నది.

బోరునీటిలోని విషము

చెరువు నీటిలో క్రిమియున్నది, బోరునీటిలో లేదు. కావున బోరునీరు మేలని అందరును సంతోషించిరి. తెలుగుసీమకు ఆ సంతోషము పూర్తిగా దక్కలేదు. మద్రాసు గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన మొదటి శాస్త్రీయ నివేదిక యిదియే. రాతిపొరలలోని ఫ్లోరైడు నీటిలో కరగి త్రాగినవారి పండ్లను గారపట్టించును. ఏండ్లతరబడి త్రాగగా ఎముకలను బిగించి, వెన్నును వంచును. ఒకసారి వంగిన ఎముక మరల చక్కబడదు. ఈ విషమునకు రంగులేదు, వాసనలేదు; కాచినను పోదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని నియమము.

నెల్లూరు జిల్లానుండి 1970లో విడివడిన కనిగిరి, పొదిలి ప్రాంతములును, తెలంగాణమున నల్లగొండ జిల్లాయును ఈ బాధకు పేరుపడెను. లోతుబోర్లు హెచ్చినకొలది బాధయు హెచ్చెను. ధనవంతుడు దూరమునుండి నీరు తెప్పించుకొనగలడు; కూలివాడు వాడలోని బోరింగునే ఆశ్రయింపవలెను. ఒకే ఊరిలో పుట్టిన పిల్లలలో ఎవరి కాళ్లు వంకరవోవునో కొంతవరకు ఇంటి కలిమియే నిర్ణయించెను.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో ‘నల్లగొండ విధానము’ అను శుద్ధిపద్ధతిని రూపొందించెను. నీటిలో తగు పాళ్లలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి, మొదట వడిగా, పిదప మెల్లగా కలియబెట్టి, తేరనిచ్చి, పై నీటిని వంచుకొనవలెను. వంటింటి బకెట్టులో సయితము చేసికొనదగిన పద్ధతి యిది. నల్లగొండ పేరు శాస్త్రగ్రంథములలో ఈ విధముగా నిలిచెను. కాని పటిక పాలు తప్పినచో ప్రయోజనము చెడును. అడుగున మిగిలిన బురదను దినదినము దూరముగా పారవేయవలెను. తెల్లవారకముందే కూలికి పోవలసిన ఇల్లాలికి ఈ పని ఎన్నాళ్లు సాగును? కావున దూరపు నదీజలములను గొట్టములద్వారా తెచ్చుటయే శాశ్వతమగు మార్గమని క్రమముగా తేలెను. 1990లలో శ్రీ సత్యసాయి సంస్థ అనంతపురము జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు నీటి పథకము నిర్మించెను. తెలంగాణ ప్రభుత్వము కృష్ణా గోదావరుల నీటిని ఇంటింటికి చేర్చుటకై చేపట్టిన మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతమున ప్రారంభింపబడెను.

మరుగుదొడ్డి, పాకీపని

నాలుగవ ప్రశ్న మర్యాదస్థులు పలుకుటకు సంకోచించునది. 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు వెళ్లిన గాంధీజీ అచ్చటి మరుగుదొడ్ల దుస్థితిని చూచి, తానే చీపురు పట్టి శుభ్రము చేసికొనిరి. మలము నేలమీద పడినంతకాలము మంచినీరు మంచినీరుగా నిలువదు. వానకు కొట్టుకొనివచ్చి చెరువున కలియును, ఈగ కాళ్లతో అన్నమున వాలును. మరుగులేని పేదరాలు వెలుతురంతయు ఓర్చుకొని చీకటికై వేచియుండుట దీనితో కూడిన మరియొక బాధ.

పట్టణములలోని పాకీదొడ్లు ఈ సమస్యను తీర్చుటకు బదులు మరియొక అన్యాయమును నిలిపెను. ఒక కులమువారు తరతరములుగా ఇతరుల మలమును చేతులతో ఎత్తి, గంపలలో మోయవలసివచ్చెను. 1970లో బీహారున బిందేశ్వర్ పాఠక్‌గారు సులభ్ సంస్థను స్థాపించి, రెండు గోతుల మరుగుదొడ్డిని ప్రచారము చేసిరి. ఒక గొయ్యి నిండినపుడు దారిని రెండవదానికి మార్చుదురు. మూసిన గోతిలోని మాలిన్యము రెండేండ్లలో వాసనలేని ఎరువగును. కొలది నీటితో పనిజరుగును. మలమును ముట్టవలసిన మనిషి అక్కరలేదు. ఈ చౌక నిర్మాణములో సాంఘిక న్యాయ మిమిడియున్నది.

1993లో పాకీపనిని, పాకీదొడ్లను నిషేధించుచు చట్టము వచ్చెను. అమలు మాత్రము సాగలేదు. కోలారు బంగారుగనులలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్‌గారు, ఆంధ్రప్రదేశమున ప్రజాహితమునకై పేరుగాంచిన అధికారి ఎస్. ఆర్. శంకరన్‌గారు మున్నగువారు 1990లలో సఫాయి కర్మచారీ ఆందోళనమును నడిపిరి. 2003లో వారు సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యమునకు 2014 మార్చి 27న తీర్పు వచ్చెను. మురుగుకాలువలో దిగి మరణించినవారి కుటుంబమునకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని అందు ఆదేశింపబడెను. 2023లో ఆ మొత్తము 30 లక్షలకు పెంపబడెను. మొత్తము పెంచవలసివచ్చుటయే మరణములు ఆగలేదనుటకు గుర్తు. పేదవానికి మరుగుదొడ్డి కట్టించుట యెంత ముఖ్యమో, దానిని శుభ్రము చేయు పేదవాని ప్రాణము కాపాడుటయు అంతే ముఖ్యము.

హక్కు యగుట

హైదరాబాదు నగరమునకు నీరిచ్చు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల చేరువ నొక కర్మాగారము పెట్టుటను గూర్చిన వ్యాజ్యములో, త్రాగునీరు పొందుట జీవించు హక్కులో భాగమనియు, దానిని కాపాడుట ప్రభుత్వపు విధియనియు సుప్రీంకోర్టు 2000 సంవత్సరమున చెప్పెను. 2010 జూలై 28న ఐక్యరాజ్య సమితి సాధారణసభ మంచినీటిని, పారిశుద్ధ్యమును మానవహక్కులుగా గుర్తించెను. 122 దేశములు అనుకూలముగా ఓటుచేసెను. 41 తటస్థముగా నుండెను. ఎదిరించిన దేశ మొక్కటియు లేదు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ ఉద్యమ మారంభమై మరుగుదొడ్లకు ధనసహాయము చేసెను. 2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ ప్రకటింపబడునాటికి దేశమున కుళాయిగల పల్లెకుటుంబములు 3 కోట్ల 23 లక్షలు మాత్రమే, అనగా ఆరింట ఒక వంతు. ప్రభుత్వపు లెక్క ప్రకారము 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటెను. మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు దాని ఆశయము. ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుట నేర్పవలెనని కూడ అందు నిర్దేశింపబడినది. చెప్పదగిన ప్రగతి యిది. కాని కుళాయి బిగించుట వేరు. అందులో దినదినము నీరు వచ్చుట వేరు. వచ్చిన నీరు మంచిదగుట వేరు. వాడ చివరి ఇంటికి సయితము అది చేరినపుడే లెక్క సరియైనదగును.

చదువరులారా, ఈ చరిత్రలో కనబడు విషయ మొకటి కలదు. నారికురుపును జయించినది ఇంటింటికి చేరిన తెలివి. బోరింగును నిలిపినది ఊరిలో నేర్చుకొన్న చేతిపని. ఫ్లోరైడును బయటపెట్టినది ఓపికతో చేసిన పరీక్ష. చౌదార్ చెరువును తెరచినది పదియేండ్లు వదలని పట్టుదల. ఈ గుణములు ఏ ఊరికిని కొత్తవి కావు. కాగితముమీద నిలుపుకొననిచో మరచిపోబడును.

రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఇందుకు తగిన చోటు. ఊరిలో ఎన్ని బావులు, ఎన్ని బోర్లు కలవో, ఏది ఏ సంవత్సరమున త్రవ్వబడెనో, ఏది ఎండెనో, ఏ నీటిని ఎప్పుడు పరీక్షింపగా ఏమి తేలెనో, ఏ వాడకు కుళాయి నీరు ఎన్ని దినములు రాలేదో వ్రాసియుంచు పుస్తకమొకటి ఇచ్చట తెరువవచ్చును. అక్షరము వచ్చిన యువతీయువకులు నెలకొక పూట శ్రమించిన చాలును. ఆ పుస్తకమున ప్రభువుల పేర్లుండవు. పోరుమామిళ్ల రాయి చెప్పక విడిచిన సంగతి, అనగా నీరు ఎవరికి అందెనో, ఎవరికి అందలేదో, అందుండును. స్వర్ణోత్సవమునాడు దానిని విప్పి చదువువారికి, ఈ ఊరు తన పేదల కడవను ఎట్లు చూచుకొన్నదో తెలియును.